ఏటి ఒడ్డు పెద్దచెట్టు తెల్లమద్ది: పెంపకం, సంరక్షణ

చిన్ని కృష్ణుడు రోలు ఈడ్చుకొని పోయి జంట మద్దులను కూల్చిన కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. భాగవతంలో యమళార్జునములని పేర్కొనబడిన ఆ చెట్లే మన మద్ది చెట్లు. పశ్చిమాన ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి చుట్టి ప్రవహించే సిరొంచ తాలూకాలో తెల్లమద్ది ఎవరూ ప్రత్యేకంగా నాటకుండానే ఏళ్ళ ఒడ్డున, వాగుల వెంట పెరిగిన వృక్షం. తనంతట తాను మొలిచిన చెట్టు కనుక దానిని పెంచవలెనన్న ఆలోచన చాలామందికి కలుగలేదు. అయితే బెరడు కోసం మాను చుట్టూ చెక్కివేయడం, ఒడ్డులు కోతకు గురికావడం, వేసవి మంటలలో లేత మొక్కలు మాడిపోవడం వలన పెద్ద చెట్లు పోయినచోట కొత్తవి రావడం లేదు. పెరటిలోను, పొలం గట్టున, వాగు ఒరన దీనిని శ్రద్ధగా పెంచుకొనదలచిన కుటుంబాలకు అవసరమైన వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

పేర్లు, గుర్తులు

తెలుగులో దీనికి తెల్లమద్ది, ఏరుమద్ది అనే పేర్లు కలవు. మరాఠీలో అర్జున్ లేదా అర్జున సాదడా అంటారు. శాస్త్రీయ నామం టెర్మినేలియా అర్జున. కరక్కాయ, తానికాయ, బాదం చెట్లు కూడా ఈ కుటుంబానికి చెందినవే. నక్షత్ర వనాలలో స్వాతి నక్షత్రానికి చెప్పబడిన వృక్షం ఇదే.

దీనికి అడవిలో ఒక తోబుట్టువు ఉంది. అది నల్లమద్ది. మరాఠీలో దానిని ఐన్ అని, హిందీలో సాజ అని పిలుస్తారు. గోండులు ఆ సాజ వృక్షాన్ని తమ పెద్దదేవుని నివాసంగా భావించి పూజిస్తారు. విత్తనాలు సేకరించేవారు, రోపవాటికలో మొక్కలు అడిగేవారు ఈ రెంటినీ వేరుగా గుర్తించడం చాలా ముఖ్యం. నల్లమద్ది గట్టు నేలలలోను, అడవి వాలులలోను పెరుగుతుంది. తెల్లమద్ది నీటి చెంత పెరుగుతుంది. ఒకదాని స్థానంలో మరొకటి నాటితే ఎన్ని నీళ్ళు పోసినా, ఎంత ఎరువు వేసినా ఆశించిన ఎదుగుదల కనబడదు.

మాను చూడగానే తేడా తెలుస్తుంది. తెల్లమద్ది బెరడు నునుపుగా, బూడిద కలిసిన తెలుపు రంగులో ఉండి, పలుచని పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడినచోట లేత ఆకుపచ్చ లేదా గులాబి ఛాయ కనబడుతుంది. నల్లమద్ది బెరడు నల్లగా, మొసలి వీపు వలె లోతైన చీలికలతో గళ్ళుగళ్ళుగా ఉంటుంది. రెండింటి కాయలకూ ఐదేసి రెక్కలు ఉంటాయి. తెల్లమద్ది కాయ రెక్కపై గీతలు పైకి వంపు తిరిగి ఉంటాయి. నల్లమద్ది కాయ రెక్క వెడల్పుగా ఉండి, గీతలు అంచు వరకు అడ్డంగా తిన్నగా పోతాయి. రాలిన కాయలు మాత్రమే దొరికినప్పుడు ఈ గుర్తు ఉపకరిస్తుంది.

పూర్తిగా ఎదిగిన తెల్లమద్ది 20 నుండి 25 మీటర్ల ఎత్తు వరకు పోతుంది. మాను అడుగున గోడల వంటి ఊతవేర్లు ఏర్పడతాయి. కొమ్మల చివరలు కిందికి వాలి ఉండడం వలన నీడ విస్తారంగా ఉంటుంది. వేసవి ఆరంభంలో పాత ఆకు రాల్చి త్వరలోనే చిగురిస్తుంది. కనుక ఎండలు ముదిరే నాటికి నీడ తిరిగి సిద్ధమవుతుంది.

ఎక్కడ నాటవలెను?

లోతైన ఒండ్రునేల, తేమ నిలిచే గరపనేల ఈ చెట్టుకు శ్రేష్ఠం. వానకాలంలో కొన్ని రోజులు మొదలు నీట మునిగినా తట్టుకొంటుంది. టేకుకు నీరు నిలిచే నేల పనికిరాదు. కాబట్టి ఒకే పొలంలో ఎత్తైన భాగాన టేకు, పల్లపు మూలన తెల్లమద్ది నాటడం వివేకం. రాతి గట్టుపైన, పలుచని ఎర్ర చెలకలలో ఇది గిడసబారిపోతుంది.

ఇంటి పెరటిలో నాటదలచినవారు గోడ నుండి కనీసం 10 మీటర్ల దూరం విడువవలెను. ఊతవేర్లు విస్తరించే చెట్టు కనుక బావి వరకు, ప్రహరీ వరకు చేర్చి నాటకూడదు. విద్యుత్ తీగల కింద అసలే కూడదు. చిన్న పెరడు గలవారు ఇంటి వద్ద కాక చెరువు గట్టున, పాఠశాల ఆవరణలో, గుడి వద్ద నాటి పెంచడం మేలు.

పొలం గట్టున నాటినప్పుడు నీడ సమస్య వస్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు కనుక నీడ ఉత్తరానికి పడుతుంది. అందువలన పొలానికి ఉత్తరపు హద్దున, ఆవలి వైపు బాట గాని వాగు గాని ఉన్నచోట నాటితే స్వంత పంటకూ, పొరుగువారి పంటకూ నష్టం తక్కువ. చెట్టుకూ చెట్టుకూ మధ్య 5 మీటర్లకు తగ్గకుండా ఎడం ఉండవలెను.

నది ఒడ్డు విషయం ప్రత్యేకంగా చెప్పుకొనవలసి ఉంది. 2022 జులై వరదలలో సిరొంచ తాలూకా ఒడ్డు గ్రామాలు మునిగిన సంగతి మరువలేనిది. 2019 జూన్ 21న గోదావరిపై మేడిగడ్డ ఆనకట్ట ప్రారంభమైన తరువాత ఎగువ పొలాల ముంపు, ఒడ్డు కోత ఇక్కడి రైతుల ప్రధాన ఆవేదనలయ్యాయి. 2023 అక్టోబరు 21న ఆనకట్ట స్తంభాలు కుంగినప్పటికీ, అంతకు ముందు కోసుకొనిపోయిన నేల మాత్రం తిరిగి రాలేదు. ఇటువంటి పరిస్థితిలో చెట్లు నాటితే ఒడ్డు నిలుస్తుందా అన్న ప్రశ్న సహజం. పెద్ద నది ప్రవాహాన్ని చెట్టు ఆపలేదు. నిటారుగా తెగిన ఒడ్డు అంచున నాటిన మొక్క ఆ ఒడ్డుతో పాటే కొట్టుకొనిపోతుంది. కనుక అంచు నుండి 5, 6 మీటర్లు వెనుకకు తెల్లమద్ది వరుస నాటి, ముందు భాగాన వట్టివేరు, వావిలి, వెదురు పెంచవలెను. గడ్డి వేర్లు పైమట్టిని, చెట్టు వేర్లు లోపలి మట్టిని పట్టి ఉంచుతాయి. చిన్న వాగులు, ఒర్రెల వద్ద ఈ పద్ధతి మంచి ఫలితమిస్తుంది. పెద్ద నదుల వద్ద కోత వేగాన్ని కొంత తగ్గిస్తుంది. అంతకు మించి ఆశించరాదు.

విత్తన సేకరణ, నారు

చెట్టు వేసవిలో పూస్తుంది. కాయలు మరుసటి సంవత్సరం ఫిబ్రవరి నుండి మే వరకు పక్వమవుతాయి. ముదురు గోధుమరంగుకు తిరిగి, ఎండి రాలిన కాయలను ఏరుకొనవలెను. తిన్నని మాను గల, తెగులు లేని, నడివయసు చెట్ల కింద ఏరినవి మంచివి. ఒకే చెట్టు కాయలు కాక నాలుగైదు చెట్ల కాయలు కలపడం ఉత్తమం. పురుగు రంధ్రం ఉన్న కాయలను తీసివేసి, మిగిలిన వాటిని రెండు మూడు రోజులు ఎండబెట్టవలెను. నిలువ ఉంచినకొద్దీ మొలకశక్తి తగ్గుతుంది కనుక ఆ సంవత్సరపు విత్తనం ఆ సంవత్సరమే వాడవలెను.

కాయ పెచ్చు గట్టిది. విత్తే ముందు రెండు మూడు రోజులు చన్నీటిలో నానబెట్టి, ప్రతిదినం నీరు మార్చవలెను. గోనెసంచిలో కట్టి వాగునీటిలో వేలాడదీసినా సరిపోతుంది. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలిపి సంచులు నింపి, ఒక్కో సంచిలో రెండు కాయలు అంగుళం లోతున విత్తవలెను. పైన పలుచగా గడ్డి పరచి, ఉదయం సాయంత్రం నీరు చిలకరించవలెను. కొన్ని పది రోజులలోపే మొలుస్తాయి. కొన్ని నెల దాటిన తరువాత మొలుస్తాయి. కాబట్టి మొలవలేదని సంచులు పారవేయకూడదు. రెండూ మొలిస్తే బలమైన దానిని ఉంచి రెండవది తీసివేయవలెను. రోహిణి కార్తె ఎండకు లేత మొక్క వాడుతుంది కనుక సంచులపై తాటాకు పందిరి వేయడం తప్పనిసరి.

స్వయంగా నారు పెంచలేనివారు అటవీ శాఖ రోపవాటికలో అర్జున్ మొక్కలని అడిగి తెచ్చుకొనవచ్చు. మోకాలి ఎత్తు దాటి, కాండం పెన్సిలు మందం వచ్చిన మొక్కను ఎంచుకొనవలెను. సంచి అడుగున వేరు బయటికి వచ్చి చుట్టుకొన్న మొక్క మంచిది కాదు.

గుంత, నాటు

మే నెలలోనే ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు గల గుంత త్రవ్వి ఎండకు వదలవలెను. పైమట్టి ఒకవైపు, అడుగుమట్టి మరొకవైపు వేయవలెను. మృగశిర కార్తెలో తొలి వాన పడి గుంత తడిసిన తరువాత, పైమట్టికి రెండు గంపల చివికిన ఎరువు కలిపి నింపి ఉంచి, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నాటవలెను. ఆలస్యమైతే వేరు నేలపట్టు పొందకముందే వానలు వెనుకకు పట్టి, చలికాలపు పొడిలో మొక్క నీరసిస్తుంది.

నాటేటప్పుడు సంచిని నిలువునా కోసి, మట్టిగడ్డ చెదరకుండా దింపవలెను. సంచితో పాటు పాతిపెట్టడం తరచుగా జరిగే పొరపాటు. సంచిలో మట్టి ఎంత ఎత్తు ఉందో నేలమట్టం కూడా అంతే ఉండవలెను. చుట్టూ మట్టిని కాలితో అదిమి, గాలికి ఊగకుండా పక్కన ఒక కర్ర పాతి వదులుగా కట్టవలెను. వరద వచ్చే చోట ఆ కర్రను ప్రవాహానికి ఎగువ వైపున పాతవలెను.

మొదటి మూడు సంవత్సరాలు

తెల్లమద్దికి మొదటి మూడు సంవత్సరాలు గడవడమే కష్టం. తేమ గల చోట మూడు సంవత్సరాలకు రెండు నుండి మూడు మీటర్లు పెరుగుతుంది. అంతవరకు దానికి నాలుగు శత్రువులు: ఎండ, మేక, మంట, వరద ఒండ్రు.

ఎండ: మొదటి రెండు వేసవులు వారానికి ఒకటి రెండుసార్లు నీరు పోయవలెను. 45 డిగ్రీలు దాటే ఎండలో పైన పోసిన నీరు త్వరగా ఆవిరవుతుంది. అడుగున చిన్న రంధ్రం చేసి పాతగుడ్డ ఒత్తి దూర్చిన మట్టికుండను మొక్క పక్కన మెడ వరకు పాతి నింపితే, తేమ మెల్లగా వేరుకు చేరుతుంది. మొదలు చుట్టూ ఎండుటాకు పరచవలెను, కాని కాండానికి తాకించరాదు.

మేక: చిగురు మేకలకు, పశువులకు ఇష్టం. ఆరడుగుల ఎత్తు వచ్చేవరకు రేగుకంపతో గాని వెదురు దడితో గాని రక్షణ ఉండవలెను. పశువు తల కొరికివేసినంత మాత్రాన మొక్క చచ్చిపోదు. విరిగిన భాగాన్ని నునుపుగా కోసి, వచ్చిన పిలకలలో తిన్నని ఒక్కదానిని ఉంచితే తిరిగి లేస్తుంది.

మంట: ఇప్పపువ్వు ఏరుకొనే రోజులలో చెట్ల కింద ఆకు కాల్చే అలవాటు మన ప్రాంతంలో ఉన్నది. కోత తరువాత కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టడం కూడా ఉన్నది. ఆ నిప్పు గట్టుకు పాకితే పలుచని బెరడు గల లేత మద్ది నిలువదు. ఫిబ్రవరి నాటికి మొక్క చుట్టూ గజం మేర ఎండుగడ్డి చెక్కివేసి నేల శుభ్రపరచవలెను. అప్పుడు మొదట పరచిన ఎండుటాకుపై పలుచగా మట్టి కప్పవలెను.

ఒండ్రు: వరద తీసిన వెంటనే మొక్కకు చిక్కిన చెత్త తొలగించి, వాలిన దానిని నిలిపి, మొదట పేరుకొన్న ఒండ్రును పాత నేలమట్టం వరకు తీయవలెను. ఆలస్యం చేస్తే ఒండ్రు గట్టిపడి లేత కాండం కుళ్ళుతుంది.

కలప కోసం పెంచే చెట్టుకు రెండవ సంవత్సరం నుండి చలికాలం చివర కింది కొమ్మలు తీయవలెను. ఎత్తులో మూడవ వంతు వరకే తీయవలెను. పదునైన కత్తితో కాండానికి దగ్గరగా, బెరడు చీలకుండా కోయవలెను.

చీడపీడలు

ఆకులపై బుడిపెలు లేవడం తెల్లమద్దికి సాధారణంగా వచ్చే బాధ. ఇది ఒక చిన్న రసం పీల్చే పురుగు వలన కలుగుతుంది. ఆకు ముడుచుకొని బిరుసుబారుతుంది. తొలిదశలోనే ఆ ఆకులను త్రుంచి కాల్చివేయవలెను. పట్టుపురుగులు పెంచే చెట్లపై పురుగుమందులు చల్లరాదు. బెరడు తినే గొంగళిపురుగు కొమ్మల పంగలలో రంధ్రం చేసి, పొట్టు కలిసిన జాలరులు అల్లుతుంది. జాలరు తుడిచివేసి, ఇనుప తీగతో రంధ్రాన్ని పొడిచి, కిరోసిన్‌లో ముంచిన దూదిని దూర్చి మట్టితో మూయవలెను.

దసలి పట్టు

తెల్లమద్ది, నల్లమద్ది ఆకులు దసలి పట్టుపురుగుకు ముఖ్యాహారం. గోదావరికి ఆవల మహాదేవపూర్, ప్రాణహితకు ఆవల చెన్నూరు ప్రాంతాలు, ఈవల గడ్చిరోలి జిల్లాలోని ఆరమోరి ప్రాంతం ఈ పట్టుకు పేరొందినవి. మరాఠీవారు దీనిని టసర్ లేదా కోసా అంటారు. విదర్భలో ధీవర కుటుంబాలు తరతరాలుగా ఈ వృత్తి చేస్తున్నాయి. విదర్భలోని అడవి పట్టుపురుగు జాతికి భండారా అని, తెలుగు ప్రాంతపు జాతికి ఆంధ్రా లోకల్ అని శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. మణిపూర్‌లోను, హిమాలయ సానువులలోను ఇటువంటి పట్టుపురుగులనే ఓక్ చెట్ల ఆకులపై పెంచుతారు. అక్కడ ఓక్ ఏ స్థానంలో ఉన్నదో ఇక్కడ మద్ది ఆ స్థానంలో ఉన్నది.

ఈ పురుగు ఇంటిలో కాక చెట్టుపైననే పెరుగుతుంది. నాలుగుసార్లు పొర విడిచి, ఐదవ దశ తరువాత కొమ్మకు కాడతో వేలాడే గట్టి కాయ అల్లుతుంది. మొదటి పంట వానలతో జులైలో ఆరంభమవుతుంది. చీమలు, కందిరీగలు, పక్షుల నుండి దినమంతా కావలి కాయవలసి ఉంటుంది. కావలి సులభం కావలెనంటే చెట్టు పొట్టిగా ఉండవలెను. అందువలన పట్టు కోసం పెంచే చెట్లను దగ్గర దగ్గరగా నాటి, నాలుగైదు అడుగుల ఎత్తున తల నరికి గుబురుగా చేస్తారు. కలప కోసం పెంచే చెట్టు ఎత్తుగా పోవలెను. ఒకే చెట్టు నుండి రెండు ప్రయోజనాలు ఆశించడం తగదు. ఏ చెట్టు దేనికో నాటేనాడే నిర్ణయించుకొనవలెను.

బెరడు: మేలు, ముప్పు

ఆయుర్వేదంలో అర్జున బెరడు హృద్రోగ ఔషధంగా ప్రసిద్ధం. అర్జునారిష్టం దీనితో తయారయ్యేదే. ఈ ప్రసిద్ధియే చెట్టుకు ముప్పుగా మారింది. ఆకులలో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేర్లకు దిగుతుంది. మాను చుట్టూ ఉంగరం వలె బెరడు ఒలిస్తే ఆ దారి తెగిపోతుంది. వేర్లు ఆకలితో చనిపోగా, కొంతకాలానికి చెట్టు నిలువునా ఎండుతుంది. కొన్ని కిలోల బెరడు కోసం రెండు తరాలు పెరిగిన చెట్టు, దానితో పాటు అది పట్టి ఉంచిన ఒడ్డు కూడా పోతాయి.

బెరడు తీయక తప్పనప్పుడు ముదిరిన చెట్టు నుండి మాత్రమే తీయవలెను. చుట్టుకొలతలో నాలుగవ వంతుకు మించరాదు. పై పొరలు మాత్రమే నిలువు పట్టీగా తీసి, కొయ్యకు అంటి ఉన్న లోపలి పొరను విడువవలెను. ఆ గాయం మానడానికి సుమారు రెండు సంవత్సరాలు పడుతుంది. అంతవరకు మరొక వైపు కత్తి పెట్టరాదు.

ఇంకొక హెచ్చరిక. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వచ్చినప్పుడు కషాయం కాచుకొంటూ కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. గుండెజబ్బుకు, రక్తం పలుచబరచడానికి మందులు వాడుతున్నవారు వైద్యుని అడుగకుండా బెరడు కషాయం త్రాగరాదు.

కలప, అనుమతులు

తెల్లమద్ది కలప గట్టిది. బండి భాగాలు, నాగళ్ళు, ఇంటి మొగురాలు, పడవల తయారీకి వాడుతూ వచ్చారు. ఆరేటప్పుడు పగిలే స్వభావం ఉన్నందున, కోసిన దూలాలను నీడలో మెల్లగా ఆరబెట్టవలెను.

స్వంత పొలంలోని చెట్టు అయినప్పటికీ నరికే ముందు చట్టం తెలుసుకొనవలెను. మహారాష్ట్రలో 1964 నాటి వృక్షతోడ్ వినియమన్ చట్టం ప్రకారం టేకు, ఇప్ప, చింత, మామిడి, ఐన్ మొదలైన చెట్లను నరకడానికి వృక్ష అధికారి అనుమతి కావలెను. ఐన్ అంటే నల్లమద్ది కనుక, తెల్లమద్ది నరకదలచినవారు కూడా పొరపాటుకు తావు లేకుండా అటవీ కార్యాలయంలో ముందుగా విచారించడం క్షేమం. ఆవలి ఒడ్డున తెలంగాణలో 2002 నాటి నీరు, భూమి, వృక్ష చట్టం అనగా వాల్టా వర్తిస్తుంది. నది దాటించి కలప తరలించేవారు రెండు వైపుల నియమాలూ తెలుసుకొనవలెను.

కార్యాలయాలలో వ్యవహారం మరాఠీలో సాగుతుంది కనుక కొన్ని మాటలు గుర్తుంచుకొనడం మంచిది. చెట్టును ఝాడ్ అని, బెరడును సాల్ అని, నరికివేత అనుమతిని వృక్షతోడ్ పర్వానగీ అని, రవాణా పత్రాన్ని వాహతుక్ పర్వానా అని అంటారు. నాటిన చెట్లను తలాఠీ వద్ద సాత్‌బారాలో నమోదు చేయించుకొంటే, ముందు ముందు చెట్టు ఎవరిదన్న వివాదం రాదు. వరదలోనో, భూసేకరణలోనో నష్టం జరిగినప్పుడు పరిహారం కోరడానికి ఆ నమోదు ఆధారమవుతుంది.

తెల్లమద్ది నాటినవారికి వెంటనే లాభమిచ్చే చెట్టు కాదు. నేడు బడికి పోయే పిల్లలు పెద్దవారయ్యేనాటికి నీడనిస్తుంది. వారి పిల్లల కాలానికి ఊతవేర్లు పాతుకొని ఒడ్డుకు బలమవుతుంది. అందువలన ప్రతి కుటుంబమూ ఈ ఆరుద్ర కార్తెలో రెండు మొక్కలు నాటి, వాటికి మూడు వేసవులు నీరు పోయుట, కంచె నిలుపుట, మంట దరిచేరనీయకుండుట అనే మూడు పనులు ఇంటి పిల్లలకు అప్పగించవలెను. ఇప్పటికే ఒడ్డున ఉన్న పెద్ద చెట్టు మానుపై ఉంగరపు గాటు పడకుండా చూచుట ఊరి పెద్దల బాధ్యత.